నాలుగో కోడలి ఎడమచెయ్యి

ఈ కథ నాకు మొదట చెప్పింది మా నాయనమ్మ చెల్లెలు అచ్చియ్యమ్మ. ఆ సంగతి ముందు రాయి, స్రవంతీ. పెద్ద అక్షరాలతో రాయి. మీ నాయనమ్మ రాజ్యలక్ష్మిగారు ఇది తన పుట్టింటి కథ అని చెప్పుకుంటోందిట. చెప్పుకోనీ. నీ అన్నప్రాసన రోజున నేను పనసకాయ కోస్తూ చెబుతుంటే పక్కన పీట వేసుక్కూచుని వింది. వినడమైనా సరిగ్గా విందా అంటే అదీ లేదు, సగంలో లేచెళ్ళి కాఫీ తాగొచ్చింది. తాగొచ్చిన చోట పోయిన ముక్కని సొంతంగా అతికించుకుంది. చిన్నకోడలు చివరికి బుద్ధి తెచ్చుకుని కుడిచెయ్యి అలవాటు చేసుకుందని చెబుతోందిట ఇప్పుడు. ఆవిడ దగ్గర పదిరోజులుండి ఆ కథ విని వచ్చిన దగ్గర్నుంచి నీ చెల్లెలు చిట్టి ఎడమచెయ్యి గౌను జేబులోంచి బయటికి రావడం లేదు. బొమ్మలు గియ్యడం మానేసింది. ఆరేళ్ళ పిల్ల, దొంగసొత్తు దాచినట్టు సొంత చెయ్యి దాచుకుంటోంది.

అందుకని ఇవాళ నేను చెబుతాను, నువ్వు రాయి. నాకు రాయడం రాదు. ఎందుకు రాదో చివర్లో చెబుతాను, ఇప్పుడడక్కు. చిట్టీ, నువ్వు ఊ కొట్టాలి. నీ ఊ ఆగిందా, నా కథా ఆగుతుంది.

అనగనగా, ఊళ్ళనేవే ఇంకా పుట్టని రోజుల్లో, ఒక రాజు. పేరు విశ్వంభరుడు. ఊళ్ళే లేనప్పుడు దేనికి రాజయ్యాడంటే, అలాంటి చిన్న చిన్న విషయాలు రాజులకి అడ్డురావు. ఆయనకి నలుగురు కొడుకులు. కొడుకులు ఏం చేసేవారంటే, తినేవారు. కథలో వాళ్ళ పని అయిపోయింది, ఇక వాళ్ళని తలుచుకోను. నలుగురు కొడుకులకి నలుగురు కోడళ్ళు. లోకం నడిపింది వాళ్ళు.

“అమ్మమ్మా, సాయంత్రం నేను చదివిన పాఠంలో కూడా నాలుగే. ప్రకృతిలో మూల బలాలు నాలుగు.”

మరి నేను చెబుతున్నదేమిటి? మీ పుస్తకం పుట్టకముందే అచ్చియ్యమ్మకి తెలుసు వాళ్ళు. నువ్వు మధ్యలో వాళ్ళ బళ్ళో పేర్లు చెబుతూ ఉండు, నేను ఇంట్లో పేర్లు చెబుతాను.

పెద్దకోడలు భూదేవమ్మ. ఆవిడకి తెలిసిన పని ఒక్కటే, లాగడం. ఎవరినైనా సరే, దేన్నైనా సరే, తనవైపు లాగుతుంది. తోయడమంటే ఏమిటో ఆవిడకి తెలీదు. చెంబు జారితే ఆవిడే, మామిడికాయ రాలితే ఆవిడే, చిట్టి మంచం మీంచి దొర్లితే ఆవిడే. ఆవిడ చెయ్యి అందని చోటు లేదుట. చుక్కల అవతల ఎక్కడో కూచున్నా సరే, కాస్తైనా తగులుతుందిట. ఇక ఆ గొప్పలు చూడాలి. లోకాన్నంతా నేనే పట్టుకుని ఉన్నానండీ మామగారూ అనేదిట, రోజుకి మూడుసార్లు, భోజనానికి ముందొకసారి, తరవాతొకసారి, మధ్యలో ఊరికే ఒకసారి.

“అది గురుత్వాకర్షణ బలం.”

పేరు బాగానే ఉంది, ఆవిడకి తగ్గంత పొడుగుంది. అసలు సంగతి విను. ఆవిడ లాగుడంత నీరసమైన లాగుడు ఇంకోటి లేదు. నీ పెట్టెలో సూదంటురాయి ముక్కుంది కదా, గుండుసూది మీద పెట్టు. సూది ఎగిరి రాయికి అతుక్కుంటుంది. కింద భూమి మొత్తం, కొండలూ సముద్రాలతో సహా, ఆ సూదిని కిందికి లాగుతోంది. గోరంత రాయి పైకి లాగేసింది. భూమంత మనిషి గోరంత రాయి చేతిలో ఓడిపోయింది. అయినా ఎక్కడ చూసినా ఆవిడే కనిపిస్తుంది కదా, అందుకని గౌరవం. నాకూ ఒక ఆడపడుచు ఉండేది అలాంటిది. ప్రతి పెళ్ళిలోనూ ముందు వరసలో ఉండేది, ఒక్క గిన్నె కడిగిన పాపాన పోలేదు.

ఊ కొడుతున్నారా? చిట్టీ? సరే.

రెండోకోడలు సౌదామిని. ఈవిడకి రెండు బుద్ధులు. ఒకే రకంవాళ్ళు ఒకచోట చేరితే గిట్టదు, చెరో మూలకీ తోసేస్తుంది. వేరే వేరే రకాలైతే రెండు చేతులా లాగి అతికించేస్తుంది. మెరుపు ఆవిడే, దీపం ఆవిడే, ఆ సూదంటురాయి కూడా ఆవిడ పుట్టింటి సామానే. ఉప్పురాయి రాయిలా ఉందంటే ఆవిడ అతుకే. మనం ఈ చాప మీంచి నేలలోకి దిగబడిపోకుండా కూచున్నామంటే ఆవిడ తోపుడే. నిజం చెప్పాలంటే ఇంటిచాకిరీ సగానికి పైగా ఆవిడదే. కాని నోరుంది. ఆవిడ చెయ్యి కూడా చుక్కలదాకా అందుతుందిట. అందినా ఏం లాభం, పొద్దున ఎంత ప్రేమ చూపిస్తుందో సాయంత్రం అంత తోసేస్తుంది. ఊరవతలికి వెళ్ళేసరికి ఆ ప్రేమా ఈ తోపుడూ చెల్లుకి చెల్లయిపోయి, ఆవిడెవరో కూడా ఎవరికీ గుర్తుండదు.

“విద్యుదయస్కాంత బలం.”

ఉండనీ. మూడోకోడలు వజ్రమ్మ. వంటింట్లోంచి గడప దాటదు. దాటదంటే దాటదు, గడప అవతల ఇల్లు తగలబడినా ఆవిడకి తెలీదు. కాని గడప లోపల ఆవిడ పిడికిలి పడితే విడిపించే మొనగాడు పుట్టలేదు. సౌదామిని ఒకే రకంవాళ్ళని తోస్తుందన్నాను కదా, ఆ తోపుడుని వజ్రమ్మ ఒక్క పిడికిట్లో నొక్కేస్తుందిట. బలమంటే ఆవిడదే బలం. మాట్లాడదు, మెచ్చుకోమనదు, తలెత్తి చూడదు. ఎదురుగా ఏం పెడితే అది బిగించడమే.

“కేంద్రకాన్ని బిగించి ఉంచే బలం.”

నాలుగో ఆవిడ మందాకిని.

ఆవిడ గురించి చెప్పేముందు పొయ్యి గురించి చెప్పాలి. రాజుగారి వాకిట్లో ఒక పెద్ద పొయ్యి ఉండేదిట. లోకానికంతటికీ వేడీ వెలుగూ అందులోంచే. మనం సూర్యుడంటున్నామే, అదే. ఆ పొయ్యికి కట్టెలక్కర్లేదు, పిడకలక్కర్లేదు. సున్నుండల్లాంటి ఉండలు చుట్టి లోపల వెయ్యాలి. ఉండ బిగిసినప్పుడల్లా భగ్గుమని వేడి పుడుతుంది. ఇక ఉండలు దేంతో చుట్టాలంటే, రాజుగారి గాదెలో గింజలున్నాయి, అన్నీ ఎర్రగింజలే. భూదేవమ్మ ఆ గింజలన్నిటినీ పొయ్యి నడిమధ్యకి లాగి కుప్పపోసి నొక్కేది. నొక్కితే వేడెక్కేవి, వేడెక్కితే గంతులేసేవి, గంతులేస్తే ఒకదానికొకటి దగ్గరపడేవి. అక్కడ సౌదామిని నిలబడి ఉండేది. ఎర్రదీ ఎర్రదీ ఒకే రకం కదా, పో అంటే పో అని తోసేసేది. ఎప్పుడైనా రెండు తప్పించుకుని వజ్రమ్మ చేతిలోకి దూరినా ఆవిడ పిడికిలి మూసుకునేది కాదు. రెండూ ఎర్రవైతే ఉండ నిలవదు. ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది అయితేనే బిగుస్తుంది.

“గాదెలో అన్నీ ఎర్రవే కదా అమ్మమ్మా. తెల్లదెక్కణ్ణుంచి వచ్చింది?”

చూశావా, ఆరేళ్ళ పిల్ల అడిగింది. ఆ మాట రాజుగారికి ఎనభయ్యేళ్ళొచ్చినా తట్టలేదు.

మందాకిని ఒక మూల కూచునేదిట. వజ్రమ్మది వంటిల్లయినా ఉంది, ఈవిడకి ఆ వంటింట్లో ఒక మూల. ఆవిడ చెయ్యి చాపితే పక్కనున్న పీట కూడా అందదు. తనకి ఆనుకుని ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోగలదు. దేన్నీ లాగదు, తోయదు, బిగించదు. రెండెర్రగింజలు ఒరుసుకున్న ఆ క్షణాన ఒకదాన్ని వేలికొసతో అలా తాకేది. కోటికోట్ల గింజల్లో ఏ ఒక్కటో తెల్లబడేది. మిగతావి ఎర్రగానే దొర్లిపోయేవి. మళ్ళీ తాకేది. మళ్ళీ పోయేవి. అంత నెమ్మది. పాలల్లో బొట్టు పెరుగు వేసి పక్కన పెడతాం చూడు, ఎవరూ చూడనప్పుడు పాలు పాలు కాకుండా పోతాయి. ఆవిడ పనీ అంతే. ఉన్నదాన్ని ఇంకోటి చేసేది. ఆ ఇంట్లో ఇంకెవరికీ చేతకాదు ఆ పని. తెల్లబడిన గింజ వజ్రమ్మ చేతిలో పడేది, పిడికిలి మూసుకునేది, ఉండ బిగిసేది, పొయ్యి మండేది. తలెత్తదు కనక ఆ తెల్లది ఎవరిచ్చారో వజ్రమ్మ ఎప్పుడూ చూడలేదు.

ఇంకొక్కటుంది. గింజ తెల్లబడినప్పుడల్లా ఒక నలుసు బయటికి ఎగిరిపోయేదిట. గోడలోంచి పోయేది, కొండలోంచి పోయేది, మనిషిలోంచి పోయేది. ఎవరినీ పలకరించేది కాదు. పనివాళ్ళు దాన్ని దయ్యం అనేవారు. ఇప్పుడు కూడా పోతున్నాయి, చిట్టీ, నీ గోట్లోంచి. భయపడకు, నీతో వాటికి పనిలేదు.

“నిజమే చిట్టీ, మా సారు చెప్పారు. సెకనుకి వేలకోట్లుట.”

మీ సారు దగ్గర ఆ మాత్రమైనా సరుకుందన్నమాట. అలాంటివాడే ఆ ఇంట్లోనూ ఒకడుండేవాడు, సోమన్నని. అందరూ వెర్రి సోమన్న అనేవారు. నేలమాళిగలో పెద్ద గంగాళం నిండా నీళ్ళు పోసుకుని, పగలూ రాత్రీ అందులోకి చూస్తూ కూచునేవాడు. కోట్లకొద్దీ దయ్యాల్లో ఎప్పుడో ఒకటి నీళ్ళలో దేనికో తగిలి మిణుక్కుమనేదిట. మిణుక్కుమంటే గోడ మీద ఒక గీత గీసేవాడు. ఇదేం పనిరా అంటే, లెక్కపెడుతున్నానండీ అనేవాడు. అలా ఉండేది.

ఇప్పుడసలు గొడవ. మందాకినిది ఎడమచేతి వాటం. ఏదో కాస్త అలవాటు కాదు, పూర్తిగా ఎడమే. గింజ మార్చే మహిమ ఆ చేతిలోనే ఉంది. కుడిచేత్తో ఎంత తాకినా ఏమీ కాదు. కోడలు ఎడమచేత్తో వడ్డిస్తే మనవాళ్ళకి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ నాయనమ్మ మొహం చూశారుగా.

రాజుగారి ఎనభయ్యో ఏట పెద్ద విందు పెట్టారుట. ఆ రోజు ఇంటి తాళాల గుత్తి ఎవరో ఒక కోడలి కొంగుకి కడతానన్నాడు. పంక్తులు సాగాయి. భూదేవమ్మ బంతి మొదట్లో నిలబడి, ఈ విస్తళ్ళు ఎగిరిపోకుండా పట్టుకున్నది నేనే అని వచ్చినవాళ్ళందరికీ చెప్పిందిట. సౌదామిని దీపాలన్నీ ఒకేసారి వెలిగించి అందరి కళ్ళూ చెదరగొట్టింది. వజ్రమ్మ వంటింట్లో ఉంది. పెరుగు వడ్డించడానికి చివరికి మందాకిని వచ్చింది. వచ్చి, మామగారి విస్తట్లో, నిండు పంక్తిలో, ఎడమచేత్తో పెరుగు వేసింది.

పంక్తి మొత్తం ఆగిపోయిందిట. రాజుగారు పెరుగు వంక చూశాడు, చెయ్యి వంక చూశాడు, విస్తరి ముందునుంచి లేచిపోయాడు.

లేవగానే భూదేవమ్మ పక్కకి చేరింది. చేరడం ఆవిడకి బాగా వచ్చు. మామగారూ, నేను చెప్పకూడదు గానీ అని మొదలుపెట్టిందిట. చెప్పకూడదు గానీ అని మొదలుపెట్టినవాళ్ళు చెప్పకుండా ఆగడం నేను ఈ డెబ్భయ్యారేళ్ళలో చూడలేదు. ఈ పిల్ల పొద్దస్తమానం మూల కూచుని గింజలు నిమురుతుంది తప్ప ఒక్క పనీ చెయ్యదని చెప్పింది. తాకిన గింజల్లో దయ్యాలు పుడుతున్నాయని కూడా చెప్పింది. సౌదామిని, అవునవును, నేను ఎంత తోసినా నా మొహాన ఒక్క మాట అనదు, అదోరకం మనిషి అందిట.

రాజుగారు చిన్నకోడల్ని పిలిచి, రేపట్నుంచి కుడిచెయ్యి, లేకపోతే పుట్టిల్లు అన్నాడుట.

పాపం, ఆవిడ ప్రయత్నించింది. ఎడమచెయ్యి నడుముకి కట్టుకుని, కుడిచేత్తో మూడురోజులు గింజలు తాకింది. తాకింది తాకింది తాకింది. ఒక్కటి తెల్లబడలేదు. కుడిచెయ్యి ముట్టుకుందని గింజలకి తెలియనైనా తెలీలేదుట. భూదేవమ్మ వచ్చి చూసి, ఏ చేత్తోనూ పనికిరాదన్నమాట అంది. నాలుగో రోజు బండి కట్టారు. వెళ్ళేటప్పుడు ఆవిడ ఏడవలేదు. పొయ్యి జాగ్రత్త మామగారూ అని ఒక్కమాట అని బండెక్కిందిట.

చిట్టీ, ఊ ఏదీ? ఏడుస్తున్నావా? ఉండు, ఇంకా అయిపోలేదు. మీ నాయనమ్మ కాఫీకి లేచింది సరిగ్గా ఇక్కడే.

ఆవిడ కుడిచెయ్యి మొదలుపెట్టిన రోజు సాయంత్రమే సోమన్న నేలమాళిగలోంచి పరిగెత్తుకొచ్చాడుట. ఇవాళ పొద్దుట్నుంచి ఒక్క దయ్యమూ రాలేదండీ అన్నాడు. బండి వెళ్ళిన రోజు మళ్ళీ వచ్చాడు, నాలుగురోజులైందండీ, ఒక్క మిణుకూ లేదండీ అన్నాడు. అందరూ నవ్వారు. దయ్యాలు పోతే కొబ్బరికాయ కొట్టాలి గాని ఏడుస్తావేమిట్రా వెర్రివాడా అన్నారు. అసలు పొయ్యి వంక చూడు, ఎలా మండుతోందో అన్నారు.

నిజంగానే మండుతోంది. అదే కదా మాయ. లోపల పాతవేడి ఎంతో ఉంది, అది బయటికి రావడానికే బోలెడు కాలం పడుతుంది. అది తగ్గుతున్నకొద్దీ భూదేవమ్మ కుప్పని ఇంకాస్త నొక్కేది. నొక్కితే ఇంకాస్త వేడి పుట్టేది. చూశారా మామగారూ, ఆవిడ లేకపోతే ఏమైనా ఆగిందా, నేను నొక్కబట్టే కదా అనేదిట. రాజుగారు తలూపేవాడు. తాళాల గుత్తి ఆవిడ కొంగుకి కట్టేశాడు. మీ నాయనమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని తిరిగొచ్చేసరికి నేను ఈ ముక్క చెబుతున్నాను. పెద్దకోడలికి తాళాలు అన్న మాట చెవిన పడింది, కథ అయిపోయిందనుకుంది. మిగతాది ఆవిడ కల్పన.

కథ అవలేదు. నొక్కడానికీ ఒక హద్దుంది కదా. కుప్ప కుంచించుకుపోయింది. పొయ్యి ఎర్రబడింది, మసకబడింది. ఇక మొదలు. వేడి తగ్గితే నీరు ఆవిరవలేదు. ఆవిరి లేక మబ్బు లేదు. మబ్బు లేక వాన లేదు. వాన లేక గడ్డి లేదు. గడ్డి లేక ఆవు పాలివ్వలేదు. పాలు లేక పెరుగు లేదు. పెరుగు లేక రాజుగారికి ముద్ద దిగలేదు. అప్పుడు, చిట్టీ, ఆవు పోయినప్పుడు కాదు, వాన పోయినప్పుడు కాదు, తన ముద్ద దిగనప్పుడు, రాజుగారికి లోకంలో ఏదో తేడా జరిగిందని తోచిందిట.

కోడళ్ళని పిలిచాడు. భూదేవమ్మ, నా పని నేను చేస్తున్నాను, నా శక్తికొద్దీ నొక్కుతున్నాను అంది. సౌదామిని, నా పనీ నేను చేస్తున్నాను, ఉన్న వేడిని వెలుగు చేసి పంపిస్తున్నాను అంది. అవును, ఉన్నది ఖర్చుపెట్టేసి చెయ్యి కడుక్కోవడం ఆవిడ పనే. వజ్రమ్మని వంటింటి గడపదాకా రమ్మన్నారు. వచ్చి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తలెత్తి, ఖాళీ పిడికిలి తెరిచి చూపించిందిట.

నా చేతికి తెల్లగింజ రావడం లేదండీ అంది. ఎన్నాళ్ళనుంచి అన్నాడు రాజు. ఎన్నాళ్ళో నాకు లెక్క తెలీదండీ, ఇదివరకు ఎవరో పెట్టేవారు, ఎవరు పెడుతున్నారో నేను ఏనాడూ చూడలేదు, అది నా తప్పు అంది. అంత బలమున్న మనిషి ఆ మాటంది. మిగతా ఇద్దరూ తప్పు అన్న మాట కథ మొత్తంలో ఎక్కడా అనరు, కావాలంటే వెనక్కి తిప్పి చూసుకో.

ఎన్నాళ్ళనుంచో సోమన్నకి తెలుసు. వాణ్ణి పిలిచారు. వాడు రాజుని నేలమాళిగలోకి తీసుకెళ్ళి గోడ చూపించాడుట. గోడ నిండా గీతలు, గీతలు, గీతలు. ఒకచోట ఆగిపోయాయి. ఆ తరవాత సున్నం తప్ప ఏమీ లేదు. ఆ ఆగిన చోట వేలుపెట్టి, చిన్నమ్మగారు ఎడమచెయ్యి కట్టేసుకున్న రోజు ఇదేనండీ అన్నాడు. నవ్వడానికి ఎవరూ లేరక్కడ. రాజుగారు ఒక్కడే ఉన్నాడు, ఆయనకి చలేస్తోంది.

సరే, బండి కట్టించుకుని చిన్నకోడలి పుట్టింటికి వెళ్ళాడు. ఆవిడ చావిట్లో కూచుని ఎడమచేత్తో అందరికీ అన్నం పెడుతోందిట. వాళ్ళమ్మదీ ఎడమచెయ్యే. ఆ ఇంట్లో దాని ఊసే లేదు, తింటున్నారు, నవ్వుకుంటున్నారు. రాజుగారు, పొయ్యి ఆరిపోతోందమ్మా, రావాలి, తాళాలు నీకే ఇస్తాను అన్నాడుట.

ఆవిడ, తాళాలక్కర్లేదు మామగారూ, అవి అక్కయ్య కొంగునే ఉండనీండి, బరువుగా ఉంటే ఆవిడకి ఇష్టం అంది. నాదొక్కటే కోరిక. ఆవాళ లేచిపోయిన పంక్తిలోనే, ఆవాళ వచ్చిన అందరి ముందూ మీరు కూచోవాలి. నేను ఎడమచేత్తో పెరుగు వడ్డిస్తాను, మీరు తినాలి. తింటే చాలదు, మారు వడ్డించమని అడగాలి.

రాజుగారు ముందు మండాలి పొయ్యి, తరవాత తింటాను అన్నాడుట. బేరం, చావబోతూ కూడా బేరం. ఆవిడ, లేదండీ, నేను తాకినా పొయ్యి రాజేసరికి మీకు మళ్ళీ మనసు మారేంత కాలం పడుతుంది, నా పని నెమ్మది, ముందే తినాలి అంది.

పంక్తి వేశారు. విస్తళ్ళు కూడా దొరకలేదు, ఎండుటాకుల్లో పెట్టారు. అందరూ దుప్పట్లు కప్పుకుని కూచున్నారు. మందాకిని వాళ్ళింట్లో మిగిలిన ఆఖరి పెరుగు గిన్నె తెచ్చుకుని వచ్చింది. ఎడమచేత్తో ఒక గరిటెడు వేసింది. మళ్ళీ పంక్తి మొత్తం ఆగిపోయింది. భూదేవమ్మ దగ్గింది. రాజుగారు దుప్పటి సర్దుకుని ఆకు ముందుకి వంగాడు. కలుపుకున్నాడు. తిన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాత మారు అడగడానికి నోరు రావడం లేదు. నిండు సభ, ఎనభయ్యేళ్ళ పెద్దరికం, ఎదురుగా ఎడమచెయ్యి. అందరూ చూస్తున్నారు. ఆవిడ నుంచునే ఉంది, కదల్లేదు. పొయ్యిలో చివరి ఎరుపు కూడా నల్లబడుతోంది.

ఇంకొంచెం వెయ్యమ్మా, అన్నాడుట రాజు. నెమ్మదిగానే అన్నాడు. అయినా అందరికీ వినపడింది.

ఆవిడ వేసింది. వేసి, గిన్నె కిందపెట్టి, తిన్నగా తన మూలకి వెళ్ళి కూచుని, మొదటి గింజ తాకింది. పొయ్యి రాజలేదు. తాకింది. రాజలేదు. తాకింది. అందరూ పొయ్యి వంక చూస్తున్నారు. ఒక జామైంది, రెండు జాములైంది. చూడండి, పెరుగు కూడా దండగ అని భూదేవమ్మ అంటూ ఉండగానే నేలమాళిగలోంచి సోమన్న గొంతు వినపడిందిట. మిణుక్కుమందండీ అని.

పొయ్యి కన్నా ముందు ఆ వెర్రివాడికే తెలిసింది. తరవాత తెల్లగింజ వజ్రమ్మ చేతిలో పడింది. ఈసారి వజ్రమ్మ తలెత్తి, ఎవరిచ్చారో చూసి, అప్పుడు పిడికిలి మూసింది. ఉండ బిగిసింది. వేడి పుట్టింది. వేడికి ఆవిరి, ఆవిరికి మబ్బు, మబ్బుకి వాన, వానకి గడ్డి, గడ్డికి ఆవు, ఆవుకి పాలు, పాలకి తోడు, తోడుకి ఎడమచెయ్యి. అందరూ సుఖంగా ఉన్నారు. సోమన్నకి వెర్రి అన్న పేరు పోలేదు గాని గోడకి కొత్త సున్నం వేయించి ఇచ్చారు. భూదేవమ్మ కూడా సుఖంగానే ఉంది, పొయ్యి మళ్ళీ మండింది తను నొక్కబట్టేనని ఈనాటికీ చెప్పుకుంటోంది.

వడ్డించిన చెయ్యి ఏదని చూసుకుంటూ కూచుంటే ఆకులోది చల్లారిపోతుంది. కథలోంచి ఏదో ఒకటి నేర్చుకోవాలంటారు కదా, అది నేర్చుకోండి. కథని కంచి బండెక్కించేశాను, ఇక మనం చాప దులుపుకుని పడుకోవడమే.

పడుకోవడానికి ముందు, స్రవంతీ, ఆ పుస్తకం తియ్యి. నాలుగో ఆవిడ పేరేం రాశారో చదువు.

“బలహీన కేంద్రక బలం, అమ్మమ్మా.”

మళ్ళీ చదువు.

“బలహీన.”

సరే. ఇంకో పేజీ వెనక్కి తిప్పు. నలుగురిలోకీ అందరికన్నా తక్కువ బలం ఎవరిదని రాశారు?

“గురుత్వాకర్షణది.”

చదువుకున్నవాళ్ళు కదా. ఒక పేజీలో పెద్దావిడ అందరికన్నా నీరసమని వాళ్ళే రాసి, ఇంకో పేజీలో నాలుగో ఆవిడ నెత్తిన బలహీనం అని పేరుపెట్టారు. పెద్దావిడకి మాత్రం ఆ మూరెడు పేరు.

నేనెందుకు రాయలేనో చెబుతానన్నాను. రెండో తరగతిలో సత్యలింగం మాస్టారు నా ఎడమచేతిని ఉత్తరీయంతో బల్లకి కట్టేశారు. కుడిచేత్తో అ రాయమన్నారు. రాశాను. తొక్కిన జెర్రిలా వచ్చింది. బడి బడంతా నవ్వింది. నలభైరోజులు అలా కట్టారు. నలభై ఒకటో రోజు నేను వెళ్ళలేదు. రాతకి పనికిరాదన్న ఎడమచెయ్యి, పింఛను కాగితం మీద బొటనవేలు వెయ్యడానికి మాత్రం పనికొచ్చింది, అదే కావాలన్నారు. మాస్టారు పోయి ముప్ఫయ్యేళ్ళయింది. నేనింకా క్షమించలేదు. అది కూడా రాయి.

ఇప్పుడు కింద ఇలా రాయి. పాఠం రాసిన పెద్దమనుషులకీ, మా వియ్యపురాలు రాజ్యలక్ష్మిగారికీ. మీరు చెప్పిన దాంట్లో తప్పుంది. ఆవిడ కుడిచెయ్యి నేర్చుకోలేదు, మామగారే మారు అడిగాడు. ఆవిడ బలహీనురాలు కాదు, నెమ్మదస్తురాలు. ఈ కథ అచ్చియ్యమ్మది.

నా పేరు చిట్టి రాస్తుంది. రావే, పెన్ను తీసుకో. ఏ చేత్తో అని నన్నడక్కు. జేబులోంచి తియ్యి ముందు. అదీ. వంకరగా వచ్చినా పర్వాలేదు, సకి కొమ్ము కాదు, గుడిదీర్ఘం పెట్టు, నా పేరు సీతారత్నం. బాగానే ఉంది. జెర్రిలా లేదు.

ఇది ఎవరి చేతిలో పడితే వాళ్ళు, అక్షరం ముక్క వచ్చినవాళ్ళు, ఆ పుస్తకంలో ఆ ఒక్క మాటా కొట్టేసి సరైనది రాయండి. ఏ చేత్తో రాసినా నాకు అభ్యంతరం లేదు.